కొలిచిన తరువాతే సంతకం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కొత్తవలసలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనందరికీ 1982 నాటి నకారా కేసు తీర్పు గుర్తుకు వస్తుంది. పింఛను ఒకరి దయాధర్మం కాదు, అది మన హక్కు అని సుప్రీంకోర్టు తేల్చిచెప్పిన రోజు ఇది. ఆ తీర్పును గురించి నాకన్న వివరంగా చెప్పగల పెద్దలు ఈ వేదిక మీదనే ఉన్నారు. నన్ను మాట్లాడమన్న కార్యదర్శిగారు ముందే ఒక షరతు పెట్టారు. "డి.ఏ. బకాయిల సంగతి, పి.ఆర్.సి. సంగతి మిగతావారు చెబుతారు. ఈసారి మనుమలు, మనుమరాళ్లు కూడా వస్తున్నారు. మీరు మరేదైనా విషయం చెప్పండి" అన్నారు. నేను నాలుగు రోజులు ఆలోచించి, సముద్రం అడుగున గాలి పీల్చుకునే విషయం ఎంచుకున్నాను.

నవ్వకండి. నాకు ఈత రాదన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. గోస్తనీ నదిలోనైనా మోకాలి లోతు దాటి దిగినవాణ్ణి కాను. డెబ్బై ఆరేళ్ల వయసులో ఆ ఉద్దేశం కూడా లేదు. అయినా ఈ విషయం నా దాకా ఎలా వచ్చిందో, వచ్చి నా ముప్పై ఆరేళ్ల గుమాస్తా ఉద్యోగంలో ఏ పాత కాగితాన్ని కదిలించిందో మీకు మనవి చేసుకుంటాను.

మా పెద్దబ్బాయి కూతురు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నది. స్నేహితులతో కలిసి ఒకసారి రుషికొండ దగ్గర సరదాగా స్కూబా డైవింగుకు వెళ్లింది. వీపున గాలి సిలిండరు కట్టుకుని, నోటిలో గొట్టం పెట్టుకుని నీటి అడుగున తిరగడాన్ని స్కూబా అంటారు. ఆ రుచి మరిగి, సెలవు పెట్టి అండమాన్ వెళ్లి, మొదటి కోర్సు, దానిపైన రెండవ కోర్సు పూర్తి చేసింది. హేవ్‌లాక్ దీవి అని మనం విన్నది ఇప్పుడు స్వరాజ్ ద్వీప్. 2018లో పేరు మార్చారు. పోర్టుబ్లెయిరుకు కూడా 2024లో శ్రీవిజయపురం అని పేరు పెట్టారు. పేర్లు మారినా అక్కడ తెలుగు మాట వినబడటం మాత్రం మారలేదు. మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుండి ఓడ ఎక్కి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ పిల్ల ఒక పుస్తకం తెచ్చుకుని వరండాలో కూర్చుని లెక్కలు చేసుకుంటున్నది. "ఏటమ్మా ఇది, మళ్లీ పరీక్షలా?" అన్నాను. "అవును తాతా, ఎన్‌రిచ్డ్ ఎయిర్ నైట్రాక్స్ సర్టిఫికెట్టు. మామూలు గాలికన్న ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలితో డైవింగు చేయడానికి అనుమతి కార్డు" అన్నది.

ఆక్సిజన్ అన్న మాట చెవిన పడగానే మా ఇంటావిడ వంటింట్లోంచి బయటకు వచ్చింది. 2021 మే నెలలో ఆవిడకు కరోనా వచ్చినప్పుడు మేము తొమ్మిది రోజులు ఆక్సిజన్ సిలిండరు పక్కన కూర్చున్నాం. నల్లటి సిలిండరు, తెల్లటి మెడ, దాని మీద గడియారంలాంటి మీటరు. ముల్లు ఎరుపు వైపు వస్తుంటే మా గుండెలు జారిపోయేవి. మన విశాఖ ఉక్కు కర్మాగారంలో నింపిన ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లను మోసుకుని దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకు వెళ్లింది ఆ ఏప్రిల్ నెలలోనే. దేవుని దయవల్ల ఆవిడ కోలుకుంది, ఇప్పుడు మీ ముందు వరుసలోనే కూర్చుని ఉంది. ఆవిడ ప్రశ్న ఒకటే: "రోగం వచ్చినోళ్లకు పెట్టే ఆక్సిజన్ నీకెందుకే? ఎక్కువైతే మంచిదే కదా, మళ్లీ దానికి పరీక్ష దేనికి?"

ఆ ప్రశ్నకు నాకూ జవాబు తెలియదు. మనవరాలు తన పుస్తకం మా ఇద్దరి ముందు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. నాకు అర్థమైనంత వరకు మీకు చెబుతాను.

మనం పీల్చే గాలిలో 21 పాళ్లు ఆక్సిజన్, 78 పాళ్లు నైట్రోజన్, మిగిలినది ఇతర వాయువులు. నేల మీద మన మీద ఉండే గాలి పీడనాన్ని 1 అనుకుంటే, సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు మరొక 1 చేరుతుంది. 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3, 30 దగ్గర 4. అంత ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతుంది. ఎంత లోతుకు పోతే, ఎంతసేపు ఉంటే, అంత ఎక్కువ కరుగుతుంది.

మన చిన్నప్పటి గోళీ సోడా గుర్తు చేసుకోండి. గోళీ బిగించి ఉన్నంతసేపు నీళ్లు తేటగానే ఉంటాయి. గోళీ నొక్కగానే బుస్సున పొంగుతుంది. లోతు నుండి మనిషి త్వరపడి పైకి వస్తే రక్తంలో జరిగేది అదే. కీళ్లలో నొప్పులు, తిమ్మిర్లు మొదలై, ముదిరితే పక్షవాతం దాకా పోవచ్చు. దీనికి బెండ్స్ అని పేరు. అందుకే ఏ లోతులో ఎన్ని నిమిషాలు ఉండవచ్చో పట్టికలు తయారు చేశారు. బ్రిటిష్ నౌకాదళం కోసం జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త, మేకల మీద ప్రయోగాలు చేసి 1908లో ప్రకటించిన పట్టికలు వీటికి మూలం.

ఇప్పుడు నైట్రాక్స్ సంగతి. బాధంతా నైట్రోజన్‌తో కాబట్టి, సిలిండరులో నైట్రోజన్ తగ్గించి ఆ మేరకు ఆక్సిజన్ పెంచుతారు. 21 పాళ్లకు బదులు సాధారణంగా 32 గాని, 36 గాని ఉంచుతారు. దానివల్ల కలిగే లాభం అదే లోతులో ఎక్కువసేపు ఉండగలగడం. మా మనవరాలు కాగితం మీద వేయించిన లెక్క ఇది. 20 మీటర్ల లోతుకు 10 కలిపితే 30. నైట్రాక్స్ 32లో నైట్రోజన్ 68 పాళ్లు, లెక్కకోసం గాలిలో 79 పాళ్లు అనుకుంటాం. 30ని 68తో గుణించి 79తో భాగిస్తే 25.8. అందులో 10 తీసివేస్తే 15.8. అంటే, నైట్రాక్స్ పీలుస్తూ 20 మీటర్ల లోతులో ఉన్న మనిషి, నైట్రోజన్ లెక్కలో, మామూలు గాలితో 16 మీటర్ల లోతులో ఉన్నవానితో సమానం. విరివిగా వాడే ఒక పట్టికలో మామూలు గాలితో 20 మీటర్లకు 45 నిమిషాలు, 16 మీటర్లకు 72 నిమిషాలు ఇచ్చారు. తేడా 27 నిమిషాలు. రవాణా భత్యం బిల్లు లెక్క కట్టగలిగిన ఏ గుమాస్తా అయినా ఈ లెక్క కట్టగలడు.

"మరి ఇంకా బాగుంది కదా, పూర్తిగా ఆక్సిజనే నింపేస్తే పోలేదా?" అన్నాను. పరీక్ష అంతా అక్కడే ఉన్నదట. మనకు ప్రాణవాయువైన ఆ ఆక్సిజనే ఒత్తిడి మీద విషమవుతుంది. ఈ సంగతిని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ 1878లోనే గ్రంథస్థం చేశాడు. దాని ఒత్తిడి హద్దు మించితే మూర్ఛ వస్తుంది. నేల మీద మూర్ఛ వస్తే పక్కవారు పట్టుకుంటారు. నీటి అడుగున వస్తే నోటిలోని గొట్టం జారిపోతుంది, మనిషి మునిగిపోతాడు. చాలాసార్లు ముందుగా ఏ హెచ్చరికా ఉండదు.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన ఒక ముచ్చట చెప్పాలి. పట్టికలు తయారు చేసిన హాల్డేన్‌గారి కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్. ఆయనా పెద్ద శాస్త్రవేత్తే. 1939 జూన్ 1న థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది మరణించినప్పుడు, ఒత్తిడిలో మనిషి శరీరం ఏమవుతుందో తేల్చడానికి ఆయన స్వయంగా ఇనుప గదిలో కూర్చున్నాడు. ఒత్తిడి మీద ఆక్సిజన్ పీల్చి మూర్ఛలు తెచ్చుకున్నాడు. ఒక మూర్ఛలో వెన్నుపూసలు నలిగి, ఆ బాధ ఆయనను చివరిదాకా వదలలేదు. అటువంటి మనిషి 1957లో మన దేశానికి వచ్చి, భారత పౌరసత్వం తీసుకుని, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక మేరకు భౌతికకాయాన్ని వైద్య విద్యార్థుల కోసం ఎక్కడికి పంపారో తెలుసా? మన కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు. మనం ఎక్కడో పరదేశీ విద్య అనుకుంటున్న దానికి తన ఒళ్లు అప్పగించిన మనిషి, ఆఖరుకు ఆ ఒంటిని మన తెలుగు పిల్లల చదువుకు అప్పగించాడు.

సరే, హద్దు సంగతి. డైవింగు నేర్పేవారు మామూలుగా పెట్టుకున్న హద్దు 1.4. లోతులోని మొత్తం ఒత్తిడిని ఆక్సిజన్ పాలుతో గుణిస్తే వచ్చే సంఖ్య 1.4 దాటరాదు. 1.6 అన్నది అత్యవసరానికి మాత్రమే. ఈ లెక్క ప్రకారం నైట్రాక్స్ 32తో సుమారు 33 మీటర్లు, 36తో 28 మీటర్లు, 40తో 25 మీటర్లు దాటకూడదు. మామూలు గాలితోనైతే ఈ ఆక్సిజన్ హద్దు 56 మీటర్ల వరకు రాదు. గమనించారా? ఆక్సిజన్ పెరిగినకొద్దీ వెళ్లగల లోతు తగ్గుతుంది. చాలామంది నైట్రాక్స్ అంటే లోతుగా పోవడానికి అనుకుంటారట. అది పొరపాటు. ఒకచోట ఇచ్చినది మరొకచోట కోసుకుంటారు. మన జీతాల సవరణలో మనం చూడనిదా ఇది!

ఈ విద్య ఇంత తేలికగా అందరి చేతికీ రాలేదు. అమెరికా ప్రభుత్వపు సముద్ర పరిశోధన సంస్థలో మోర్గన్ వెల్స్ అనే శాస్త్రవేత్త 1970 దశకంలో దీని పద్ధతులు, పట్టికలు ఏర్పరిచాడు. అక్కడే పనిచేసిన డిక్ రట్కోవ్‌స్కీ 1985లో మామూలు జనానికి నేర్పడం మొదలుపెట్టాడు. దానితో గగ్గోలు పుట్టింది. "దెయ్యపు వాయువు" అని పేరు పెట్టారు. 1992లో జరిగిన డైవింగు వ్యాపారుల ప్రదర్శనకు నైట్రాక్స్ వారిని రానివ్వరాదని మొదట తీర్మానించి, తరువాత వెనక్కు తగ్గారు. 1990 దశకం మధ్యకు వచ్చేసరికి పెద్ద శిక్షణ సంస్థలే కోర్సులు పెట్టి కార్డులు ఇవ్వసాగాయి. ఈనాడు డైవింగు విద్యలో ఎక్కువమంది తీసుకునే అదనపు సర్టిఫికెట్లలో ఇది ఒకటి. కోర్సు కూడా పెద్దది కాదు. ఒక్కరోజులో అయిపోవచ్చు.

దెయ్యాన్ని మచ్చిక చేసుకున్నది ఏ యంత్రంతోనో కాదు. ఒక రిజిస్టరుతో, ఒక సంతకంతో. ఆ భాగం విన్నప్పుడే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

పద్ధతి ఇది. నైట్రాక్స్ సిలిండరుకు ఆకుపచ్చ, పసుపు రంగుల పట్టీ ఉంటుంది. దానిలో ఆక్సిజన్ ఎంత ఉందో, దానిని వాడబోయే మనిషి స్వయంగా కొలవాలి. అందుకు అరచేతిలో పట్టే చిన్న పరికరం ఉంటుంది. ముందుగా దానికి మామూలు గాలి చూపించి 20.9 అంకె వచ్చేలా సరిచేయాలి. తరువాత సిలిండరు మర కొద్దిగా తిప్పి, సన్నగా గాలి వదిలి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగాలి. వచ్చిన అంకెను, దానికి తగిన గరిష్ఠ లోతును, తేదీని చీటీ మీద రాసి, పొడి సంతకం చేసి, ఆ చీటీ సిలిండరుకు అంటించాలి. ఆపైన దుకాణం రిజిస్టరులో సిలిండరు నంబరు, అంకె, లోతు రాసి పూర్తి సంతకం పెట్టాలి. నింపినవాడు కొలిచి రాసినా సరే, గురువుగారు కొలిచినా సరే, పీల్చేవాడు మళ్లీ కొలవాలి. నీ బదులు మరొకరు సంతకం పెట్టడానికి వీల్లేదు.

మా ఇంటావిడ అంతా విని, "అయితే సీసాలో ఏముందో ఆఖరున చూసేది ఎవరే?" అని అడిగింది. "నేనే నానమ్మా" అన్నది పిల్ల. "అయితే వెళ్లు" అన్నది మా ఆవిడ. నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఫిబ్రవరిలో మనవరాలు మళ్లీ స్వరాజ్ ద్వీప్ వెళ్లి, పరీక్ష రాసి, కార్డు తీసుకుంది. ఆ మర్నాడు పడవ మీద 30 మీటర్ల లోతుకు దిగే కార్యక్రమం పెట్టుకున్నారు. ఆమె చదువుకు అనుమతి ఉన్న లోతు అంతే. సిలిండరుకు 32 అని చీటీ కట్టి ఇచ్చారు. 32తో 30 మీటర్లంటే 4ను 0.32తో గుణించాలి, 1.28. హద్దులోపలే. గాలి మంచిగా ఉంది, నీళ్లు తేటగా ఉన్నాయి, పడవ సిద్ధంగా ఉంది, అందరూ తొందరపెడుతున్నారు. ఈ పిల్ల పరికరం తీసి కొలిచింది. 36 వచ్చింది. పరికరం తప్పేమోనని మళ్లీ మామూలు గాలికి సరిచేసి మళ్లీ కొలిచింది. మళ్లీ 36. గురువుగారిని పిలిచింది, ఆయన కొలిచినా 36. ఎక్కడో రెండు సిలిండర్ల చీటీలు తారుమారయ్యాయి.

ఇక లెక్క వేయండి. 4ను 0.36తో గుణిస్తే 1.44. హద్దు 1.4. తేడా 0.04. రూపాయిలో నాలుగు పైసలు. అంతమాత్రాన ఏదో అయిపోయేదని నేను చెప్పను, ఆ పిల్లా చెప్పలేదు. నూటికి తొంభైమందికి ఏమీ కాకపోవచ్చు, అంతకంటె ఎక్కువమందికీ కాకపోవచ్చు. కానీ లోతుగేజి మీద కన్ను ఒక్క నిమిషం తప్పి మరో నాలుగు మీటర్లు జారితే 1.58. చీటీ మీద 32 అని నమ్ముకున్న మనిషికి ఆ సంగతి తెలియనే తెలియదు. వాళ్లు చీటీలు మార్చి రాసి, ఆ రోజు 25 మీటర్లకే దిగి, చేపలను చూసి క్షేమంగా పైకి వచ్చారు. సాయంత్రం ఫోనులో ఈ సంగతంతా నవ్వుతూ చెప్పింది. "తాతా, నాలుగు పైసల తేడాకు జర్నల్ అంతా తిరగేసేవాడినని చెబుతావు కదా, నీ పోలికే" అన్నది.

నేను నవ్వలేకపోయాను. ఫోను పెట్టేసి, నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఆ రాత్రి మా ఇంటావిడకు చెప్పాను. ఇవాళ మీకు చెబుతున్నాను.

1986 మార్చి 31. నేను ఒక ఆఫీసులో స్టోర్సు చూసే సీటులో ఉన్నాను. ఆ ఆఫీసు పేరు ఇప్పుడు అనవసరం. సంవత్సరాంతపు ఫిజికల్ వెరిఫికేషన్. తుపాను సహాయం కోసం వచ్చిన టార్పాలిన్లు రిజిస్టరు ప్రకారం 40. గదిలో కట్టలు కట్టి పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. సాయంత్రం ఆరు దాటింది, బస్సు వేళ అయింది. నా పైఉద్యోగి, "కట్టలు కనబడుతున్నాయి కదా, సంతకం పెట్టెయ్యవయ్యా" అన్నాడు. నేను "లెక్కించి సరిచూడబడినది" అని నా ముత్యాల్లాంటి దస్తూరీతో రాసి సంతకం పెట్టాను. ఒక్క కట్ట విప్పలేదు.

జూన్‌లో ఆడిటువారు వచ్చి విప్పించారు. 27 ఉన్నాయి. 13 తక్కువ. గది తాళంచెవి ఉండేది మా వాచ్‌మన్ దగ్గర. ఆయన ఆ నెలాఖరునే రిటైరవుతున్నాడు. మార్చిలో 40 ఉన్నట్టు నా సంతకం ఉంది కాబట్టి, ఆ తరువాత పోయినట్టే లెక్క. తాళంచెవి ఎవరిది? ఆయనది. నో డ్యూస్ సర్టిఫికెట్టు ఆగింది, గ్రాట్యుటీ ఆగింది, పింఛను కాగితాలు కదలలేదు. పద్నాలుగు నెలలు. ప్రతి నెలా మొదటి వారంలో వచ్చి నా బల్ల పక్కన నిలబడేవాడు. కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. "బాబూ, నా కాయితం ఏటయినాది?" అని అడిగేవాడు. ఆ ఏడు కూతురికి కుదిరిన సంబంధం వాయిదా పడింది.

చివరకు ఏమి తేలిందో తెలుసా? ఆ 13 టార్పాలిన్లు ఫిబ్రవరిలోనే మరొక ఆఫీసుకు ఇండెంటు చీటీ మీద వెళ్లాయి. చీటీ ఫైలులో చిక్కుకుని రిజిస్టరులోకి ఎక్కలేదు. మార్చి 31న నేను కట్టలు విప్పి లెక్కపెట్టి ఉంటే ఆ సాయంత్రమే తేడా బయటపడేది, మర్నాడే చీటీ దొరికేది. ఆయన పేరు ఎక్కడా వచ్చేదే కాదు. డబ్బు చేతికి వచ్చిన రోజున ఆయన నా దగ్గరకు వచ్చి, "తమరి దయ బాబూ" అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నేను ఆ దండం అందుకున్నాను. తప్పు నాదని చెప్పలేదు. తరువాత ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. ఆయన పోయిన కబురు వచ్చాక ఇక చెప్పడానికి ఎవరూ లేరు.

పింఛను హక్కు అని మనం ఏటా ఈ రోజున సభ పెట్టుకుంటాం. ఆ హక్కును ఒక మనిషికి పద్నాలుగు నెలలు ఆపింది ఏ ప్రభుత్వమో కాదు, నా సంతకం. అందుకే ఈ వేదిక మీదనే చెప్పాలనిపించింది.

మరొక్క అయిదు నిమిషాలు ఓపిక పట్టండి. ఇక్కడికి వచ్చిన పిల్లల కోసం, వారిని పంపే పెద్దల కోసం ఉపయోగపడే రెండు మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

మీ ఇళ్లలో పిల్లలు స్కూబాకు వెళతామంటే భయపడి ఆపవద్దు, గుడ్డిగా పంపవద్దు. మొదట ఇచ్చే ఆరోగ్య ప్రశ్నల కాగితంలో ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ వంటివి ఉంటే దాచకుండా రాయించండి. అవసరమైతే డాక్టరుగారి సర్టిఫికెట్టు తీసుకోమనండి. నేర్పేవారికి శిక్షకుని కార్డు ఉందో లేదో అడగమనండి. నైట్రాక్స్ అంటే, కొలిచే పరికరం, రాసే రిజిస్టరు రెండూ ఉన్నాయా అని అడగమనండి. రిజిస్టరు లేనిచోట నైట్రాక్స్ వద్దు. నైట్రాక్స్ పీలిస్తే అలసట తక్కువగా ఉంటుందని కొందరు అంటారు గాని అది గట్టిగా రుజువైన మాట కాదు. సిలిండరు ఎక్కువసేపు వస్తుందన్నదీ నిజం కాదు. పీల్చే మనిషి పీల్చినంత పీలుస్తూనే ఉంటాడు.

మన కొత్తవలసవారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది మరొకటి ఉంది. చుట్టాలు విశాఖ వస్తే ఒకరోజు సముద్రం, మర్నాడు పొద్దున్నే మన స్టేషను మీదుగా కిరండూల్ రైలులో అరకు. ఇది అందరూ వేసుకునే కార్యక్రమమే. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. దారిలో శిమిలిగూడ స్టేషను దాదాపు 996 మీటర్లు. ఎత్తుకు పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. అంటే ఒంట్లో ఇంకా నైట్రోజన్ మిగిలి ఉండగానే గోళీ నొక్కినట్టు. డైవింగు తరువాత విమానం ఎక్కాలంటే, ఒక్కసారి దిగినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు దిగినవారు కనీసం 18 గంటలు ఆగాలని నిపుణుల సూచన. అరకు కొండలకూ ఆ లెక్కే వేసుకోవడం క్షేమం. మీ చుట్టాలకు చెప్పండి: అరకు ముందు, సముద్రం తరువాత. అలా వేసుకుంటే ఏ చిక్కూ లేదు.

మిత్రులారా, మనం ఏడాదికి ఒకసారి లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చి, బతికే ఉన్నామని సంతకం పెడతాం. వేలిముద్ర పడకపోతే విసుక్కుంటాం. మా మనవరాలు సముద్రంలో దిగే ప్రతిసారీ, దిగకముందే, సంతకం పెడుతున్నది. నేను ముప్పై ఆరేళ్లలో ఎన్ని వేల సంతకాలు చేశానో లెక్క లేదు. వాటిలో కొలవకుండా పెట్టినది ఒకటి నాకు గుర్తుంది. కొలిచి పెట్టినవి ఒక్కటీ గుర్తు లేవు. అవి ఎవరినీ బాధపెట్టలేదు కాబట్టి గుర్తుండవలసిన పని లేదు.

ఇప్పటికీ ఉద్యోగాలలో ఉన్న మన పిల్లలకు నేను చెప్పేది ఇంతే. ఎవరు తొందరపెట్టినా, బస్సు వేళ అయినా, పడవ కదులుతున్నా, చీటీ మీద ఎవరో ముందే రాసి ఉన్నా, మీరు కట్ట విప్పండి, మర తిప్పండి, అంకె చూడండి. ఆ తరువాతే కలం తియ్యండి.